జాలెడేగ గొంతుతో పసులపోలిగాడు

మారేడుమిల్లి అడవిలో ఒక తెల్లవారుజామున నోటుబుక్కులో మూడు పిట్టల పేర్లు రాసుకున్నాను: జాలెడేగ, వంగపండు, వడ్రంగిపిట్ట. మూడూ విన్నవే, ఒక్కటీ చూడలేదు. వెలుగొచ్చాక చూస్తే అరుపులొచ్చిన చెట్టు మీద ఒకే ఒక్క నల్లపిట్ట ఉంది. నుదుటి మీద జుట్టు, తోక నుంచి రెండు పొడవాటి సన్నని ఈనెలు, వాటి కొసల్లో మాత్రమే ఈకలు. అది నా ఎదుటే మళ్లీ జాలెడేగలా అరిచింది. మూడు పేర్లూ కొట్టేశాను.

పొలాల్లో గేదెల వీపుల మీద సవారీ చేసే పసులపోలిగాడికి ఇది అడవి చుట్టం. ఎగిరితే వెనక రెండు తుమ్మెదలు తరుముతున్నట్టుంటుంది. పగటి పక్షుల్లో ముందే లేచి, చీకటి పడేదాకా మెలకువగా ఉండేవాటిలో ఇదొకటి.

ఇన్ని గొంతులు దీనికెందుకు? శ్రీలంకలోని సింహరాజ అడవిలో ఎబెన్ గుడేల్, శరత్ కొటగమ దీని దగ్గరి బంధువును గమనించి 2006లో జవాబు ప్రచురించారు. (అక్కడి పిట్టను ఇప్పుడు చాలామంది వేరే జాతిగా లెక్కిస్తున్నారు.) ప్రమాదం వచ్చినప్పుడు అది వేటపక్షుల అరుపులనూ, ఇతర పిట్టల హెచ్చరికలనూ వాడుతుంది. నిమ్మళంగా ఉన్నప్పుడు తోటి పిట్టల మామూలు పాటలు, పిలుపులు ఎత్తుకుంటుంది. ఆ అనుకరణలున్న రికార్డింగు వినిపిస్తే, అవి లేనిదానికన్నా ఎక్కువ పిట్టలు దగ్గరికొచ్చాయి. రకరకాల పిట్టలు గుంపుగా ఆకులు కదిలిస్తూ పోతుంటే లేచే పురుగులను ఇది పట్టి తింటుంది. గుంపును కూడగట్టుకోవడం దానికి అక్కర. బదులుగా డేగ వస్తే ముందు కేక వేస్తుంది, తనకన్నా పెద్ద గద్దనైనా తరుముతుంది. దీన్ని దొంగగొంతు అనడం నాకు నచ్చదు. కాపలాదారు కూలి తీసుకుంటే దొంగతనమా?

ఆ రోజు నుంచి నా నోటుబుక్కులో 'విన్నది', 'చూసినది' వేరువేరు గళ్లు. అరుపు వినగానే పేరు రాయను. ఒకచోట పది నిమిషాలు కదలకుండా కూర్చుంటాను. నిజమైన జాలెడేగ తన అరుపే అరుస్తుంది. ఈ పిట్ట మధ్యలో తన సొంత లోహపు గొంతు కలిపేస్తుంది, అక్కడ దొరికిపోతుంది. చెవి అలా ఆగడం నేర్చుకోవడానికి నాకు కొన్నేళ్లు పట్టింది.

అలా ఆగకుండా ఇప్పుడు చాలామంది ఫోన్లో పిట్టపాట పెట్టి, ఆ పిట్ట దగ్గరికి రాగానే ఫోటో తీసుకుని వెళ్లిపోతున్నారు. పోటీ మగపిట్ట తన చోటులోకి వచ్చిందనుకుని ఆ పిట్ట గూడు, తిండి వదిలి కొట్లాటకు వస్తుంది. మనం వెళ్లిపోయాక కూడా లేని శత్రువు కోసం వెతుకుతుంది. వేసవి మొదలయ్యాక మన అడవుల్లో చాలా పిట్టలకు గూళ్ల కాలం. ఆ నెలల్లో అడవికి వెళ్తే దయచేసి ఫోన్ స్పీకరు ఆపేయండి.