స్ప్రింగు కోస్తే రేసు కారైపోదు

గట్టి స్ప్రింగు వేస్తే కారు రోడ్డుకు అతుక్కుపోతుందని హైదరాబాద్ పంజాగుట్ట సిగ్నల్ దగ్గర సైలెన్సర్ మోగించే కుర్రాళ్లు ఒట్టేసి చెబుతారు. సగం నిజం. ఆ మిగతా సగం మీదే రేసింగ్ అనే విద్య నిలబడి ఉంది.

పంజాగుట్ట నుంచి ఖైరతాబాద్ దాటి హుస్సేన్‌సాగర్ ఒడ్డుకు వెళ్తే ఆ విద్య పరీక్షకు నిలిచిన రోడ్డే కనిపిస్తుంది. 2023 ఫిబ్రవరి 11న ఎన్టీఆర్ మార్గ్, సచివాలయం చుట్టూ వేసిన 2.8 కిలోమీటర్ల ట్రాక్ మీద ఫార్ములా ఈ అనే విద్యుత్ రేసు కార్లు పరుగెత్తాయి. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. చివరి ల్యాపుల్లో నిక్ క్యాసిడీ వెనకే వేలాడుతున్నా, తన బ్యాటరీలో ఛార్జి తక్కువగా ఉన్నా, ఒక్క సందు కూడా ఇవ్వలేదు. దుమ్ము పట్టిన సిటీ రోడ్డు మీద అలా నిలవాలంటే డ్రైవర్ గుండె ఒక్కటే చాలదు. ప్రతి గతుకు మీదా నాలుగు టైర్లూ నేలను వదలకుండా చూసే సస్పెన్షన్ కావాలి. మరీ గట్టి స్ప్రింగైతే టైరు గతుకు మీంచి ఎగురుతుంది. గాల్లో ఉన్న టైరుకు పట్టు సున్నా.

ఇక మలుపు సంగతి. కారు తిరిగేటప్పుడు బరువు లోపలి టైర్ల నుంచి బయటి టైర్ల మీదికి జరుగుతుంది. మొత్తం ఎంత జరుగుతుందో కారు బరువు, ఆ బరువు కేంద్రం నేలకు ఎంత ఎత్తులో ఉందన్నది, చక్రాల మధ్య వెడల్పు, మలుపు వంపు, అందులో వేగం తేలుస్తాయి. స్ప్రింగులు దాన్ని పెద్దగా మార్చలేవు. అందులో ముందు చక్రాల వాటా ఎంత, వెనక చక్రాల వాటా ఎంత అన్నదే వాటి చేతిలో ఉంటుంది.

వాటా మారితే ఏమవుతుంది? టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, కొంత తక్కువే పెరుగుతుంది. లెక్క కోసం అనుకుందాం: 200 కిలోల బరువు మీద టైరు దానికి ఒకటిన్నర రెట్లు పట్టు ఇస్తుంది, 300 మీద 1.4 రెట్లు, 100 మీద 1.6 రెట్లు. ముందు టైర్లు రెండూ చెరో 200 మోస్తే మొత్తం పట్టు 600. బయటిది 300, లోపలిది 100 మోస్తే 420కి 160 కలిపి 580. మోసే బరువు అంతే, పట్టులో మాత్రం 20 పోయింది. ముందు స్ప్రింగులు గట్టి చేస్తే జరిగే బరువులో ముందు వాటా పెరుగుతుంది, ఆ నష్టం ముందు టైర్లదవుతుంది. స్టీరింగ్ తిప్పినా కారు ముక్కు తిరగనంటుంది. అది అండర్‌స్టీర్. వెనక గట్టి చేస్తే తోక జారుతుంది. అది ఓవర్‌స్టీర్.

ఈ తూకాన్ని యాంటీ రోల్ బార్‌తో, అంటే ఎడమ కుడి చక్రాలను కలిపే కడ్డీతో, వేళ్ల మీద ఆడించిన మొనగాడు మార్క్ డోనహ్యూ. ఇంజనీరింగ్ చదివిన డ్రైవర్. పెద్ద వృత్తంలో కారును గుండ్రంగా తిప్పడం, ఏ కొస ముందు జారుతోందో చూడటం, బార్ మార్చడం, మళ్లీ తిప్పడం: ఇదీ ఆయన సాధన. 1972లో ఇండియానాపోలిస్ 500 గెలిచాడంటే ఊరికే గెలవలేదు.

నా పక్షం మాత్రం లోటస్ కార్లు కట్టిన కోలిన్ చాప్‌మన్‌ది, దాచను. కారు ఒళ్లు ఉక్కులా ఉండాలి, స్ప్రింగు మెత్తగా ఉండాలి అన్న బడి ఆయనది. 1962లో ఆయన లోటస్ 25 ఫార్ములా వన్‌కు మోనోకాక్‌ను, అంటే ఒంటి తొడుగే చట్రంగా ఉండే కట్టడాన్ని తెచ్చింది. ఒళ్లు మెలి తిరగదు కాబట్టి పనంతా సస్పెన్షనే చేస్తుంది. మరుసటి ఏడాది అదే కారుతో జిమ్ క్లార్క్ పదింట ఏడు రేసులు కొట్టాడు! రెక్కలు, గాలి ఒత్తిడి వచ్చాక లెక్క మారిందన్నది ఒప్పుకోవాలి. కారు నేలకు ఎంత ఎత్తులో ఉందన్నది మిల్లీమీటర్లలో కాపాడాలి కాబట్టి అక్కడ గట్టి స్ప్రింగు తప్పదు. ఆ చిక్కును విలియమ్స్ వాళ్లు యాక్టివ్ సస్పెన్షన్‌తో విప్పితే 1992లో వాళ్ల డ్రైవర్ మాన్సెల్ తొమ్మిది రేసులు గెలిచాడు. 1994కల్లా దాన్ని నిషేధించారు.

ఇంత తపస్సు చేసిన విద్యకు మన వీధుల్లో జరుగుతున్న మర్యాద చూడండి: గ్రైండర్‌తో స్ప్రింగు కోయడం! ఎనిమిది చుట్ల స్ప్రింగులో రెండు కోస్తే మిగిలింది మూడో వంతు గట్టిపడుతుంది. కారు కిందికి దిగుతుంది, ఫొటోలో బాగుంటుంది. షాకబ్జర్ మాత్రం పాత స్ప్రింగు కోసం చేసింది. కొత్త గట్టిదనాన్ని అదుపు చేయడం దాని తరం కాదు. చక్రం కదలడానికి ఉన్న జాగా తగ్గిపోయి, ఫ్లైఓవర్ జాయింట్ తగలగానే సస్పెన్షన్ వెళ్లి బంప్ స్టాప్ అనే అడ్డు దిమ్మెను గుద్దుకుంటుంది. ఆ క్షణంలో ఆ చక్రానికి స్ప్రింగు లేనట్టే లెక్క. మలుపు మధ్యలో అలా తగిలితే పట్టు చెప్పాపెట్టకుండా పోతుంది, కారు డివైడర్ వైపు పోతుంది. దీన్ని రేసింగ్ సెటప్ అని పిలవడం డోనహ్యూకే కాదు, బుర్ర ఉన్న ప్రతి మెకానిక్‌కూ అవమానం.

బాధ ఏమిటంటే, అసలు విద్య నేర్చేవాళ్లు పక్క వీధిలోనే ఉన్నారు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ క్యాటియా, యాన్సిస్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు నేర్పే కోచింగ్ సెంటర్లున్నాయి. సొంతంగా ఫార్ములా కారు కట్టి పోటీలకు వెళ్లే ఇంజనీరింగ్ విద్యార్థులూ మన దగ్గర ఉన్నారు. పోటీ పడటానికి మాత్రం కోయంబత్తూరు కారి స్పీడ్‌వే లాంటి దూరపు ట్రాకులకు పోవాలి. 2024లో రావాల్సిన ఫార్ములా ఈ రేసు కూడా రద్దయిపోయింది. తప్పు ఎవరిదన్న తగువు రాజకీయ నాయకులకు వదిలేస్తాను. నేనడిగేది చిన్నది: నగరం అంచున డోనహ్యూ తిప్పినట్టు కారు తిప్పుకోవడానికి ఒక గుండ్రటి తారు మైదానం. దానికి రేసు ట్రాకంత ఖర్చు అక్కర్లేదు. కుర్రాళ్లూ, మీరు మాత్రం అది వచ్చేదాకా ఆ గ్రైండర్ కింద పెట్టండి. డబ్బుంటే ఒకదానికొకటి సరిపడే స్ప్రింగూ షాకబ్జరూ కలిపి కొనండి, లేకపోతే కంపెనీ ఇచ్చినవే ఉంచుకోండి. వాటి వెనక కూడా ఎవరో ఇంజనీరు లెక్క ఉంది, మీ లెక్క కన్నా మంచిదే.