హకీమ్ పాదాలు

ఏడడుగుల మనిషి బాస్కెట్‌బాల్‌లో ఏం చేస్తాడు? రింగు కింద నిలబడి, బలంతో అందరినీ నెట్టేసి బాల్ వేస్తాడు. చాలాకాలం అదే పద్ధతి. హకీమ్ ఒలాజువాన్ మాత్రం పాదాలతో ఆడాడు.

1963లో నైజీరియాలోని లాగోస్‌లో పుట్టాడు. కుర్రతనంలో హ్యాండ్‌బాల్ ఆడేవాడు, ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్‌గా నిలిచేవాడు. బాస్కెట్‌బాల్ జోలికి వచ్చింది పదిహేనేళ్లు దాటే వేళకి. ఆ ఆలస్యమే అతనికి కలిసొచ్చిందని నా నమ్మకం. ఒంటికాలి మీద గిర్రున తిరగడం, ఎదుటివాణ్ని ఒకవైపు ఆశపెట్టి ఇంకోవైపు జారుకోవడం ఆ ఆటలతో అప్పటికే ఒంటికి పట్టేశాయి. అమెరికాలోని హ్యూస్టన్‌లో చదువుకునే రోజుల్లో, వేసవి సెలవుల్లో ఎన్‌బీఏ లీగ్ మేటి ఆటగాడు మోజెస్ మలోన్‌తో తలపడుతూ రాటుదేలాడు.

అతని 'డ్రీమ్ షేక్' చూడండి. రింగుకు వీపు పెట్టి బాల్ అందుకుంటాడు. వెనక కాపు కాసేవాడు ఎటు నెడుతున్నాడో వీపుకే తెలుస్తుంది. భుజాన్ని ఒక్కసారి ఎండ్‌లైన్ వైపు విదిలిస్తాడు. వాడు అటు ఒరగగానే ఇటు తిరుగుతాడు. వాడు తేరుకుని ఎదురొస్తే, షాట్ వేయబోతున్నట్టు బాల్ పైకెత్తి చూపిస్తాడు. వాడు గాల్లోకి లేవగానే ఆ చేతుల కిందుగా అడుగేసి, బాల్‌ను మెత్తగా రింగులోకి వదులుతాడు. ఇంతసేపూ ఒక పాదం పాతుకున్నట్టు ఉండాలి. దాన్ని ఈడ్చినా, ఎత్తి మళ్లీ మోపినా ట్రావెలింగ్ అనే తప్పే. 1995 వెస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్లో, ఆ ఏటి మేటి ఆటగాడి ట్రోఫీ అందుకున్న డేవిడ్ రాబిన్సన్‌కే ఈ ఎత్తు అంతుచిక్కలేదు. హకీమ్ జట్టు హ్యూస్టన్ రాకెట్స్ 1994లోనూ 1995లోనూ టైటిల్ గెలిచింది.

ఈ విద్యకు ప్రాణం వేగం కాదు, ఓపిక. ఎదుటివాడు ముందు కదిలేదాకా ఆగగలగాలి. రంజాన్ నెలలో మ్యాచ్ ఉన్నా హకీమ్ రోజా ఉపవాసం విడిచేవాడు కాదు. పగటిపూట మ్యాచైతే గుక్కెడు నీళ్లు కూడా తాగకుండానే ఆడేవాడు. నీరసపడతాడని అనుకునేవాళ్లకు 1995 ఫిబ్రవరే జవాబు: రంజాన్ నడిచిన ఆ నెలలోనే ఎన్‌బీఏ అతన్ని ఆ నెల ఉత్తమ ఆటగాడిగా ఎంపిక చేసింది. ఆకలిని, దాహాన్ని ఆపుకున్న మనిషికి కోర్టులో మరో క్షణం ఆగడం కష్టం కాలేదు.

బూట్ల విషయంలోనూ అదే నిగ్రహం. పేరున్న ఆటగాళ్ల బూట్లు వంద డాలర్లు దాటుతున్న రోజుల్లో, స్పాల్డింగ్ కంపెనీతో కలిసి తన పేరు మీద 35 డాలర్ల జత తెప్పించాడు. పిల్లల మోజు తీర్చడానికి పేద తల్లులు ఇంటి ఖర్చు తగ్గించుకోవాల్సి రావడం అతనికి సమ్మతం కాలేదు. పెద్ద కంపెనీలతో చేతులు కలిపితే డబ్బు ఎంతో ఎక్కువ వచ్చేది. అతని టైటిళ్లతో సమానంగా ఈ నిర్ణయాన్నీ చెప్పుకోవాలి.

2002లో ఆట మానేశాక టెక్సాస్‌లోని తన ఇంటి కోర్టులో ఆ డ్రీమ్ షేక్ అడుగులు నేర్పసాగాడు. తర్వాతి తరం తార కోబీ బ్రయంట్ వచ్చాడు. 2011 ఫైనల్లో ఓడిన లెబ్రాన్ జేమ్స్ ఆ వేసవిలోనే వచ్చాడు. మరుసటి సీజన్‌లో లెబ్రాన్ రింగుకు వీపు పెట్టి ఆడటం బాగా పెరిగింది. అతని జట్టు మియామీ టైటిల్ గెలిచింది.