పనితనమంతా మీటలోనే

ఎండలు ముదిరేసరికి బంజారాహిల్స్ పక్కనున్న కేబీఆర్ పార్కులో, బండరాళ్ల నడుమ చెట్లు చాలావరకు ఆకు రాల్చేస్తాయి. నేలలో తడి తగ్గగానే ఖర్చు తగ్గించుకునే ఏర్పాటు వాటి జన్యువుల్లోనే ఉంది. నాలుగు నెలల పైరుకు ఆ వెసులుబాటు ఎక్కడిది? ఊడలు దిగే వేళ బెట్ట తగిలితే అనంతపురం వేరుశనగ ఉన్న తడితోనే కాయ కట్టాలి. ఆ పైరు కోసం పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థలో ఒక పని జరిగింది. మొక్కల జన్యుశాస్త్రంలో నాకు ఇంతగా నచ్చిన పనితనం మరొకటి లేదు.

దాని మూలం జపాన్‌లో ఉంది. అరబిడాప్సిస్ అనే ఆవజాతి చిన్న మొక్కలో డ్రెబ్1ఎ అనే జన్యువుంది. అది తయారుచేసే ప్రొటీన్, డీఎన్‌ఏలో టి-ఎ-సి-సి-జి-ఎ-సి-ఎ-టి అనే తొమ్మిదక్షరాల వరుసను పట్టుకుంటుంది. తమ ముందు ఆ వరుస ఉన్న జన్యువులను ఒక్కుమ్మడిగా పనిలోకి దించి, కణాలను ఎండిపోకుండా కాపాడే సరంజామా తయారు చేయిస్తుంది. అయితే ఈ జన్యువును ఎల్లవేళలా పనిచేసేలా పెడితే మొక్క గిడసబారింది. కరువు లేని రోజున కూడా కరువుకు సిద్ధపడుతూ ఎదుగుదల పోగొట్టుకుంది. 1999లో కజుకో యమగుచి-షినొజాకి బృందం దాని ముందు వేరే మీట అమర్చింది. అదే మొక్కలోని ఆర్‌డి29ఎ జన్యువు ప్రొమోటర్ అది, అంటే జన్యువు ఎప్పుడు పనిచేయాలో తేల్చే డీఎన్‌ఏ ముక్క. నీళ్లు చాలినన్నాళ్లూ దాదాపు ఊరకుంటుంది, బెట్ట తగలగానే తెరుచుకుంటుంది. అసలు నేర్పు ఇక్కడుంది: ఆ మీటలోనూ అవే తొమ్మిదక్షరాలున్నాయి. తయారైన ప్రొటీన్ వచ్చి తన మీటనే మళ్లీ నొక్కగలదు. పైగా సహజంగా డ్రెబ్1ఎ మేల్కొనేది చలికి. మీట మారేసరికి అదే జన్యువు నీటి ఎద్దడిలోనూ అక్కరకొచ్చింది.

ఇక్రిశాట్‌లో పూజా భట్నాగర్-మాథుర్, విన్సెంట్ వాదెజ్, కిరణ్ శర్మ ఈ జన్యువు, మీట జతను జేఎల్ 24 అనే వేరుశనగ రకంలో చేర్చి, 2007లో ఫలితాలు ప్రకటించారు. పరీక్ష చూడండి, ఎంత ఓపికైన పనో! కుండీలో మట్టి నుంచి ఆవిరి పోకుండా పైన కప్పేయాలి, రోజూ తూకం వేయాలి. తగ్గిన బరువంతా ఆకుల గుండా పోయిన నీరే. ఎంత నీటికి ఎంత మొక్క కట్టిందో అప్పుడు తేలుతుంది. మార్పిడి చేసిన మొక్కలన్నీ ఒక్కలా రాలేదు, వంశవంశానికీ తేడా ఉంది. వాటిలో ఎంపిక చేసిన ఒకటి నీటి ఎద్దడిలో, మామూలు జేఎల్ 24 కంటే 40 శాతం మెరుగ్గా నీటిని వాడుకుంది. నేల ఎండే కొద్దీ ఈ మొక్కల వేళ్లు లోతుకు దిగడమూ కనిపించింది. బెట్టలో దిగుబడి పెరిగిందని 2014లో మరో పత్రం వచ్చింది.

ఈ వేరుశనగ రైతు పొలానికి ఇంకా చేరలేదు. జన్యుమార్పిడి పంటలపై ఉన్న అభ్యంతరాలను వినాల్సిందే, జవాబు చెప్పాల్సిందే. అనుమతి సంగతి ఎలా తేలినా, మొక్క ఎదుగుదలను బలిపెట్టకుండా బెట్టను తట్టుకునేలా చేయవచ్చని మాత్రం ఆ కుండీల తూకం చూపించింది.