మూడున్నర శ్రుతి ఎందుకు లేదు?

శివరాత్రి జాగారానికి నెల్లూరు తీరపు ఊళ్లలో పద్యనాటకం ఆడితే, తెర లేవకముందు వేదిక పక్కన చిన్న బేరం నడుస్తుంది. హార్మోనియం ముందు కూర్చున్న ఆయన ఒక చేత్తో గాలి తోస్తూ అడుగుతాడు: "ఎంతలో పాడతావయ్యా?" కిరీటం సర్దుకుంటూ నటుడి జవాబు: "గొంతు పట్టేసిందన్నా, ఐదొద్దు, నాలుగున్నర పెట్టు."

ఇదొక నామకరణ పద్ధతి. ఏ శాస్త్రగ్రంథంలోనూ దీనికి అధ్యాయం ఉండదు గానీ, తెలుగు రంగస్థలం దీనిమీదే నడిచింది. తెల్లమెట్లకు ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు, నల్లమెట్లకు అరలు. ఒకటిన్నర ఉంది, రెండున్నర ఉంది, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర ఉన్నాయి. మూడున్నర మాత్రం లేదు. ఏడున్నర కూడా లేదు, అది శనికే పరిమితం. మూడో తెల్లమెట్టుకూ నాలుగో తెల్లమెట్టుకూ మధ్య నల్లమెట్టు లేదు. అక్కడున్న దూరమే అర. ఒకటి నుంచి రెండుకు ఒక పూర్తి అడుగు, మూడు నుంచి నాలుగుకు అరడుగు. పేర్లు మాత్రం రెండిటికీ సమానమే అన్నట్టు ఉంటాయి. ఈ అంకెలు చేతికి దారి చూపించడానికి పెట్టినవి. ధ్వని కొలత వాటి పని కాదు.

చెవి సంగతి వేరు. ఒక స్థాయిని, అంటే షడ్జం నుంచి పై షడ్జం దాకా ఉన్న దూరాన్ని, 1200 సెంట్లుగా కొలుస్తారు (పొలం సెంట్లు కావు). హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య సరిగ్గా నూరు సెంట్లు. ఆ లెక్కన అంతర గాంధారం 400 దగ్గర పడుతుంది. తంబూరా మంద్ర షడ్జం తీగ మీటి శ్రద్ధగా వింటే, మీటని గాంధారం దానంతటదే పలుకుతుంది. అది 386 దగ్గర ఉంటుంది. పద్నాలుగు సెంట్ల తేడా. పాడేవాడి గొంతు తంబూరాతో పోతుంది, హార్మోనియం తన దారిన తాను పోతుంది. ఈ పోరు చాలాకాలం సాగింది. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని తన కచేరీల నుంచి గెంటేసింది. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం వచ్చేదాకా మన తీరం చెవులు మద్రాసు కేంద్రానికే అతుక్కుని ఉన్నాయి కాబట్టి, రేడియోలో లేని వాద్యం నాటకాల పందిట్లో రాజ్యమేలడం మనవాళ్లు ఏకకాలంలో చూశారు.

ఇక శాస్త్రకారుల పేర్లకు వస్తే, అవి లెక్కలు బాగా తెలిసినవాళ్లు పెట్టిన పేర్లు. తెలుగు మాట్లాడిన తంజావూరు నాయకరాజుల కొలువులో, 17వ శతాబ్దం మధ్యలో, వేంకటమఖి 'చతుర్దండీ ప్రకాశిక' రాశాడు. స్థాయిలో ఉన్నవి పన్నెండు చోట్లే. వాటికి పేర్లు మాత్రం పదహారు, ఎందుకంటే కొన్ని చోట్లకు ఇద్దరు యజమానులు. షట్‌శ్రుతి రిషభం, సాధారణ గాంధారం ఒకే మెట్టు. రిషభ గాంధారాల జతలు ఆరు, ధైవత నిషాదాల జతలు ఆరు, మధ్యమాలు రెండు. హెచ్చవేస్తే 72 మేళాలు, అంటే ఏడేసి స్వరాల వరసలు. తన కాలంలో వాడుకలో ఉన్న మేళాలు పందొమ్మిదే అని ఆయనకు తెలుసు. అయినా ఇకపై పుట్టబోయేవాటికి కూడా ముందే చోటు కేటాయించాడు.

తర్వాతి తరం వాళ్లు ఆ 72 గదులకు పేర్లు పెడుతూ, పేరులోనే గది నంబరు దాచారు. కటపయాది సూత్రం అదే. క నుంచి, ట నుంచి, ప నుంచి, య నుంచి అక్షరాలకు ఒకటితో మొదలుపెట్టి అంకెలు. ఞ, న సున్నాలు. పేరులో మొదటి రెండు అక్షరాల అంకెలు తీసి తిరగేస్తే మేళం సంఖ్య. మాయామాళవగౌళలో మ ఐదు, య ఒకటి, తిరగేస్తే 15. పదిహేను తెలిస్తే చాలు, స్వరాలన్నీ విప్పుకోవచ్చు: ఆరేసి మేళాల చక్రాల్లో మూడోదైన అగ్ని చక్రంలో మూడో మేళం. మూడో చక్రం కాబట్టి శుద్ధ రిషభం, అంతర గాంధారం. మూడో మేళం కాబట్టి శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. చక్రాల పేర్లలోనూ ఇదే కొంటెతనం. చంద్రుడొక్కడు కాబట్టి మొదటిది ఇందు, కళ్లు రెండు కాబట్టి రెండోది నేత్ర, అగ్నులు మూడు, వేదాలు నాలుగు, అలా ఆదిత్యులు పన్నెండుమంది దాకా.

శంకరాభరణం నంబరు 29. లెక్క కుదరడానికి ముందు 'ధీర' తగిలించారు: ధ తొమ్మిది, ర రెండు. 1980లో వచ్చిన 'శంకరాభరణం' సినిమా ఆ 'ధీర' లేకుండానే ఈ మేళం పేరును తెలుగిళ్లన్నిటికీ చేర్చింది. అందులో పాడిన బాలసుబ్రహ్మణ్యం తండ్రి సాంబమూర్తిగారు నెల్లూరులో హరికథలు చెప్పినాయన. ధీరశంకరాభరణం అంటే తెలియనివాళ్లకు కూడా శంకరాభరణం అనగానే ఆ గొంతు వినిపిస్తుంది. నంబరు దాచిన పేరు ఓడిపోయి, మామూలు పేరు గెలిచిన సందర్భం.

నా చిన్నప్పుడు మా సంగీతం మాస్టారు ఒక అక్షరం దగ్గర బెత్తం తీసేవారు. మన నాలుకలకు ఒత్తు పలకడం బద్ధకం. 'నటభైరవి' అనేవాళ్లం. "న సున్న, ట ఒకటి. తిరగేస్తే ఎంత? పది. పది నాటకప్రియ రా! నువ్వు ఒత్తు మింగేసి ఇల్లు మార్చేశావు" అనేవారు. అది నఠభైరవి. ఠ రెండు, అందుకే 20. ఉచ్చారణ తప్పితే స్వరాలే మారిపోయే పేర్లు లోకంలో ఇంకెక్కడైనా ఉన్నాయేమో గానీ, నేను దెబ్బ తిన్నది ఇక్కడే.

అలాగని సూత్రం మరీ పతివ్రత కాదు. సంయుక్తాక్షరం వస్తే చివరి హల్లు తీసుకోవాలని నియమం. రత్నాంగిలో 'త్న'లో న తీసుకుంటే 2 వస్తుంది, బాగుంది. చక్రవాకంలో అదే చేస్తే 26 వస్తుంది, కావాల్సింది 16. అక్కడ 'క్ర'లో క తీసుకోమన్నారు. సింహేంద్రమధ్యమంలో సున్నను మ కింద లెక్కపెట్టాలి, అప్పుడే 57. పేరు ముందు పుట్టి లెక్క తర్వాత వచ్చిన చోట ఇలాంటి కుట్లు కనబడతాయి. నాకవి ముద్దుగానే అనిపిస్తాయి.

పైగా జాబితాలు రెండు. ఒకటి కనకాంబరితో మొదలవుతుంది, ముత్తుస్వామి దీక్షితార్ సంప్రదాయం దానిది. రెండోది కనకాంగితో మొదలయ్యేది, ఇవాళ పిల్లలు వల్లించేది. ఎనిమిదో మేళం ఒకచోట జనతోడి, మరోచోట హనుమతోడి. ఇరవయ్యోది ఒకచోట నారీరీతిగౌళ, మరోచోట నఠభైరవి. ఏ జాబితా తీసినా కటపయాది అదే అంకె చెబుతుంది. కానీ అంకె ఒకటైనంత మాత్రాన నడక ఒకటి కాదు. పాత జాబితాలో మేళానికి వంకర సంచారాలు, వదిలేసిన స్వరాలు ఉండొచ్చు. కొత్తదానిలో ఏడు స్వరాలూ వరసగా ఎక్కి దిగాలి. పేర్లతో మోసపోవడం మాకు కొత్త కాదు. త్యాగరాజు కోవూరు పంచరత్నాలు అనగానే మా వాళ్లు పెన్న అవతలి కోవూరు అనుకుని ఛాతీ విరుస్తారు. ఆ కోవూరు చెన్నై దగ్గరిది.

ఇప్పుడు అసలు చిక్కు. పదిహేనో గదిలోనే సావేరి రాగం ఉంది, మాయామాళవగౌళ ఉంది. స్వరాల పేర్లు అవే. సావేరి రిషభం షడ్జాన్ని రాసుకుంటూ ఊగుతుంది, మాయామాళవగౌళ రిషభం అలా ఊగదు. తోడి గాంధారాన్ని కాగితం మీద సాధారణ గాంధారం అంటాం. పాడేటప్పుడు అది ఒక్క క్షణం కూడా ఆ మెట్టు మీద కూర్చోదు. నంబరు గది చూపిస్తుంది గానీ లోపల మనిషి ఎలా నడుస్తాడో చెప్పదు.

ఈ సన్నటి తేడాలకు పేర్లు పెట్టాలని పూర్వులు ఎప్పుడో ప్రయత్నించారు. 13వ శతాబ్దంలో దేవగిరి కొలువులో శార్ఙ్గదేవుడు చెప్పిన 22 శ్రుతులకు తీవ్ర, కుముద్వతి, మంద, ఛందోవతి మొదలుకొని ఉగ్ర, క్షోభిణి వరకు ఎంత అందమైన పేర్లు! కానీ ఏ గురువూ "కుముద్వతి కాస్త తగ్గించు" అని శిష్యుణ్ణి అనగా నేను వినలేదు. 1550లో అళియ రామరాయల ఆదరణలో 'స్వరమేళకళానిధి' రాసిన రామామాత్యుడి పేర్లు నాకు ఇంకా దగ్గరగా తోస్తాయి. చ్యుత పంచమ మధ్యమం అన్నాడాయన. పంచమం తన చోటు నుంచి జారి, మధ్యమంగా లెక్కకొచ్చిందన్నమాట. పేరులోనే ఆ జారుడు తెలుస్తుంది.

పాఠం చెప్పే ఇళ్లలో వాడే పేర్లు మరోలా ఉంటాయి. 'వరాళి మధ్యమం' అంటారు. ప్రతి మధ్యమం కన్నా కాస్త పైకి, పంచమాన్ని తాకీతాకనట్టు. 'బేగడ నిషాదం' అంటారు, కాకలికి ఒక పిసరు దిగువ. ఈ పేర్లలో అంకె లేదు, సంస్కృత సమాసపు బిగువు లేదు. బేగడ రాగం విన్నవాడికి అర్థమవుతుంది, విననివాడికి ఎన్ని సెంట్లు చెప్పినా దొరకదు. నామకరణ పద్ధతులన్నిటిలో నేను దీనికే పెద్దపీట వేస్తాను. అరబ్బుల సంగీతంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. వాళ్ల సీకా స్వరం పియానో మెట్ల నడుమ ఎక్కడో ఉంటుంది. పారసీకంలో ఆ మాటకు అర్థం 'మూడో చోటు' మాత్రమే. 1932లో కైరోలో పెద్ద సభ పెట్టి, స్థాయిని 24 భాగాలు చేసే లెక్క మీద పండితులు తర్జనభర్జన పడ్డారు. పాడేవాళ్లు మాత్రం సీకాను సీకాగానే పాడుకుంటున్నారు.

స్వరాల ఈ సన్నటి కదలికలను రాతలో పట్టుకోవడానికి గట్టిగా పూనుకున్నది తెలుగు లిపే. 1904లో ఎట్టయాపురంలో సుబ్బరామ దీక్షితులు అచ్చువేసిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగు అక్షరాల్లో ఉంది. స్వరాల మీద కంపితానికి అల లాంటి గీత, జారుకు ఏటవాలు గీత. తెలుగు చదవడం రాని తమిళ విద్వాంసులు కూడా ఆ పుస్తకం కోసం మన అక్షరాల తలకట్లు నేర్చుకోవాల్సి వచ్చింది.

నెల్లూరు రంగనాయకులపేట గుళ్లో సన్నాయి ఊదేవాళ్లకు ఆ గీతలతో పని పడదు. రంధ్రం మీద వేలు సగం తీసి, గాలి తగ్గిస్తే బేగడ నిషాదం వచ్చేస్తుంది. హార్మోనియం వాయించే ఆయనకు ఆ వీలు లేదు. అందుకే నాటకంలో అర్ధరాత్రి దాటాక, నటుడు శోకం పద్యం అందుకుని నాలుగున్నర శ్రుతిలో గొంతును మెట్లకు మధ్య ఎక్కడికో జారవిడిచినప్పుడు, ఆయన వేళ్లు ఎత్తేసి ఊరుకుంటాడు. గొంతు షడ్జానికి దిగినాక మళ్లీ నొక్కుతాడు.