ఎల్.ఎం.ఎం.ఎస్.: పాట మధ్య కూలినచో దోషమెవరిది?

స్వరములను కాలక్రమమున పేర్చి పలికించు ప్రోగ్రాములను సీక్వెన్సర్లందురు. లైనక్సుపై పనిచేయు ఎల్.ఎం.ఎం.ఎస్. అట్టిది. 2004లో ఆరంభమైన దీనిని ఉచితముగా పొందవచ్చును. సోర్సు కోడు అందరికిని అందుబాటున గలదు. కాని ఒక్కొక్కప్పుడు ఇది పాట మధ్యలో హఠాత్తుగా మూతపడును.

ప్రోగ్రాము తనకు అనుమతి లేని మెమరీని తాకినచో లైనక్స్ కెర్నెల్ దానిని ఆపివేయును. తాకినది ప్రధాన ప్రోగ్రామే కానక్కరలేదు. అందులో చేర్చిన ప్లగిన్ కావచ్చును. విండోసు కొరకు వ్రాసిన వి.ఎస్.టి. వాద్యములను ఎల్.ఎం.ఎం.ఎస్. వేరొక ప్రాసెస్సులో నడుపును. వాద్యము కూలినను పాట నిలుచును. ఇది మెచ్చదగిన ఏర్పాటు. లాడ్‌స్పా ప్లగిన్లను మాత్రము తనలోనే నడుపును. అందొకదాని తప్పు మొత్తమును పడగొట్టగలదు.

అన్నిటిని వేరుచేయుట సులభము కాదు. సెకనుకు 48,000 శాంపిళ్ల వేగమున, 256 శాంపిళ్ల విడతను సిద్ధపరచుటకు వ్యవధి 5.3 మిల్లీసెకనులే. ప్రాసెస్సుల నడుమ రాకపోకలకును ఇందులోనే కాలము కావలెను.

అయినను ఒక లోపమును క్షమింపరాదు. తిరిగి తెరచినపుడు భద్రపరచిన ప్రతిని చూపును గాని, దోషి పేరు చెప్పదు. ఆ ప్రతిలోనూ అదే ప్లగిన్ ఉండును గదా! ఇక వెదకు భారము విద్యార్థిదే. పాట నకలు తీసికొని, ప్లగిన్లను ఒక్కొక్కటిగా తొలగించి చూడవలెను. లేదా జి.డి.బి.లో నడిపి, కూలిన పిమ్మట 'బి.టి.' అని టైపు చేసినచో ఫంక్షన్ల పిలుపుల వరుస కనబడును. అందు ప్లగిన్ ఫైలు పేరు తేలవచ్చును.

ఒకమారు ఒక్క మార్పే చేయుట ప్రయోగశాల నియమము. దానిని నేర్పుటకు ఇది చక్కని అవకాశమే. కాని తన దోషమును తానే చెప్పుకొను ప్రోగ్రాము ఇంతకన్న మేలైనది.