తిత్తి, తీగ, పద్యం

బందరు నుంచి బెజవాడ దాకా పద్యనాటకం చూసినవారికి హార్మోనియం గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. తిరుపతి వేంకట కవుల పద్యం ఎత్తుకున్న నటుడు రాగం ఎంతసేపు తీస్తాడో ముందుగా ఎవరికీ తెలియదు. హార్మోనిస్టు ఆ గొంతు వెంటే నడుస్తాడు. నటుడు ఊపిరి తీసుకునే చోట అదే సంగతిని తిరిగి పలికిస్తాడు. ‘వన్స్‌మోర్’ పడితే పద్యం అదే, రాగం మరింత పొడుగు. అక్కడికీ తోడు వెళ్తాడు.

కీబోర్డు చెప్పినట్టు నాదం పలికించే ఎలక్ట్రానిక్ పెట్టె, సౌండ్ మాడ్యూల్, తీరు వేరు. హార్మోనియంలో మెట్లు, తిత్తి, రీడ్లు ఒకే పెట్టెలో ఉంటాయి; ఇక్కడ వేళ్లు ఒకచోట, నాదం మరోచోట. నడుమనున్న మిడి తీగలో నాదం పారదు. ఏ మెట్టు, ఎంత బలంగా అన్న కబురు మాత్రమే 3 బైట్లలో, సుమారు ఒక మిల్లీసెకనులో చేరుతుంది. 1983లో కుదిరిన ఈ మిడి ప్రమాణం వల్లే ఒక కంపెనీ కీబోర్డు మరో కంపెనీ మాడ్యూల్‌ను పలికిస్తుంది. ఒకే తీగ మీద 16 ఛానెళ్లలో వేణువు, వీణ, తబలా వేటికవి నడుస్తాయి.

అయినా రెండింటికీ చుట్టరికం ఉంది. రెండింటిలోనూ స్థాయికి 12 మెట్లే. గమకం దగ్గర రెండింటికీ ఇబ్బందే. గమకం పలకదన్నది సహా పలు ఆక్షేపణలతో ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1948లో మొదలైన విజయవాడ కేంద్రానికీ 1971 దాకా ఆ కట్టడి వర్తించింది. మాడ్యూల్‌ను నడిపే కీబోర్డుకు మాత్రం సాధారణంగా పిచ్ బెండ్ చక్రం ఉంటుంది. మామూలుగా పైకి రెండు, కిందికి రెండు అర్ధస్వరాల మేర జారుస్తుంది. అయితే ఆ జారు ఛానెల్ మొత్తానికీ తగులుతుంది కాబట్టి శ్రుతికి వేరే ఛానెల్ ఇవ్వాలి. హార్మోనియం స్వరాన్ని అలా జార్చలేదు గానీ, తిత్తి బలంతో మోగే స్వరాన్నే బిగ్గరగానో మెల్లగానో పలికించగలదు. అలాగే మాడ్యూల్‌లో ఆ పని 11వ నంబరు కంట్రోలర్‌ది. ఎక్స్‌ప్రెషన్ పెడల్ మీద కాలు ఉంచి నడపవచ్చు.

కాబట్టి అసలు తేడా పెట్టెల్లో కన్నా వాటిని నడిపేవారిలో ఉంది. కంప్యూటర్ నడిపితే బీటుకు 24 క్లాక్ సందేశాలు తప్పకుండా వెళ్తాయి. కాలప్రమాణం స్థిరపడిన కూచిపూడి జతుల సాధనకు ఆ నిలకడ మంచి తోడు. పద్యానికి మాత్రం అది చాలదు. నటుడి ఊపిరిని ఆ గడియారం వినలేదు. చెయ్యి నడిపితే అదే మాడ్యూల్ ఆగుతుంది, అందుకుంటుంది, వన్స్‌మోర్‌కూ సిద్ధపడుతుంది. నాటక సమాజాలు మాడ్యూల్ కొనుక్కోవాలి, శ్రుతిని కంప్యూటర్‌కు అప్పగించాలి; పద్యం వెంట నడిచే కీబోర్డును మాత్రం హార్మోనిస్టు ముందే ఉంచాలి.