ఫైలు పక్కన నోటుబుక్కు

బయాప్సీ రిపోర్టు చేతికొచ్చిన రాత్రి కూడా అలవాటు కొద్దీ డైరీ తెరిచాను. తేదీ వేశాను. ఆ తేదీ కింద ఏడు నెలలపాటు ఒక్క అక్షరం పడలేదు. ఇరవై ఏళ్లుగా నాలుగు ముక్కలు రాసుకోనిదే నిద్రపట్టని మనిషిని. రొమ్ము క్యాన్సర్ అన్న మాట విన్నాక నా దగ్గరున్న మాటలన్నీ చిన్నబోయాయి.

ఈలోగా నా గురించి రాయడం మాత్రం ఆగలేదు. ఆస్పత్రి ఫైలు నెలనెలా లావెక్కింది. కణితి ఎన్ని సెంటీమీటర్లు, తెల్లకణాలు ఎన్ని, బరువు ఎంత తగ్గింది, అన్నీ అందులో ఉన్నాయి. నన్ను బతికించిన లెక్కలవి. వాటి మీద నాకు గౌరవమే. కానీ దిండు నిండా జుట్టు రాలిన తెల్లవారుజామున అమ్మ నోరు మెదపకుండా గలీబు మార్చి వెళ్లిన సంగతి అందులో లేదు. అది రాయాల్సింది నేనే.

తీరా కలం పట్టుకుంటే ఇంకో చిక్కు. నాకెక్కించిన పాక్లిటాక్సెల్ మందుకు నరాలు దెబ్బతిని వేళ్ల కొసలు మొద్దుబారాయి. జాకెట్టు హుక్కు పెట్టుకోవడమే గగనం. పెన్ను చేతిలో ఉందో జారిందో వేళ్లకు తెలియదు. నూలుదారం తెచ్చి పెన్నుకు ఒత్తుగా చుట్టాను. ఆ గరుకు కాస్త తగిలింది. ఆ రోజు రాసింది ఒకే వాక్యం: ‘ఇవాళ మజ్జిగన్నం ఇమిడింది.’ వంకరటింకర అక్షరాలు. చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను.

జబ్బు గురించి ఏదో గొప్ప మాట రాయాలనుకున్నన్నాళ్లూ రాయలేకపోయానని అప్పుడు అర్థమైంది.

క్షయ ఒంటిని తినేస్తున్నా కవి అలిశెట్టి ప్రభాకర్ ఆంధ్రజ్యోతికి ‘సిటీ లైఫ్’ మినీ కవితలు రాస్తూనే వచ్చారు. 1993 జనవరి 12న కన్నుమూశారు. అమెరికన్ కవయిత్రి ఆడ్రి లార్డ్‌కు 1978లో రొమ్ము తీసేశారు. ఆమె 1980లో అచ్చువేసిన ‘ది క్యాన్సర్ జర్నల్స్’ ముందుమాటలోని డైరీ పుటలు ఆపరేషన్ అయిన కొన్ని నెలలకు గానీ మొదలుకావు. ఒకరు ఆపలేదు, ఒకరు ఆగి రాశారు. ఆగినవాళ్లు తప్పు చేసినట్టు బాధపడనక్కర్లేదు.

రాస్తే జబ్బు తగ్గుతుందని నేననను. మందు మందే. అయితే మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్‌బేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట, తమను కుదిపేసిన అనుభవం రాయించారు. రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. తర్వాతి నెలల్లో మాత్రం, జరిగిందీ దాని వెనకున్న బాధా రెండూ రాసినవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. ఆ మొదటి బరువు నాకూ తెలుసు. నోటుబుక్కు మూసి ఏడ్చిన రాత్రులున్నాయి. మర్నాడు మళ్లీ తెరిచాను.

ఒకరోజు సెలైన్ ఎక్కుతుండగా ఎడమచేత్తో నోటుబుక్కు ఒడిలో ఆనించుకుని రాస్తున్నాను. పక్క మంచం మీది పెద్దామె అడిగింది, ‘‘ఏం రాస్తున్నవ్ బిడ్డా?’’ అని. ఇవాళ్టి సంగతులమ్మా అన్నాను. కాసేపాగి, ‘‘నాదొక్కటి రాయి. పొద్దుగాల చింతకాయ తొక్కు నోటికి పుల్లగ తెల్సింది. శానా దినాలాయె’’ అంది. కీమోతో నాలుక చచ్చుబడిన వాళ్లకే ఆ పులుపు విలువ తెలుసు. తేదీ వేసి, ఆమె మాట ఆమె మాటల్లోనే రాశాను. చదివి వినిపించమంది. రెండుసార్లు చదివించుకుంది.

ఆ సంగతి ఏ ఫైలులోకీ ఎక్కదు. నా నోటుబుక్కులో ఉంది.

మీ ఇంట్లోనూ ఇప్పుడు ఒక ఫైలు ఉండి ఉంటే, దాని పక్కన ఒక నోటుబుక్కు పెట్టండి. చెయ్యి ఆడనివాళ్లు చెబితే మీరు రాయండి. తేదీ, ఒక్క వాక్యం. ఈ పూటకు అది చాలు.